మైకులో దొరికిన దేవుడు

నిన్న కోరుట్లలో ఒక పెళ్లికి వెళ్లాను. వానకు తడిసిన షామియానా గుడ్డ వాసన తగలగానే, ఎవరూ ఏమీ అనకుండానే సిగ్గుతో తల దించుకున్నాను.

తెలంగాణ ఉద్యమం రోజుల్లో మా బస్టాండు పక్కన అలాంటి షామియానా కిందే రోజుకు కొందరు నిరాహారదీక్షకు కూర్చునేవాళ్లు. ఒక రోజు మెడలో బంతిపూల దండతో మా బడి సైన్స్ సారు కూర్చున్నారు. నినాదాలు ఇవ్వమని ఎవరో నా చేతికి మైకు ఇచ్చారు. 'దైవకణం దొరికింది' అని పొద్దున టీవీలో ఎర్రక్షరాలు చూసి వచ్చాను నేను.

"దేవుడు దొరికిండట! సైంటిస్టులు మిషన్ల పట్టుకున్నరట. ఇగ ఢిల్లీని అడుగుడెందుకు? గా దేవుణ్నే తెలంగాణ అడుగుదాం!"

చప్పట్లు మోగాయి. సారు దండ సర్దుకుని లేచారు.

"గది దేవుడు గాదు. మస్తు చిన్న కణం. పేరు గట్ల పెట్టిండ్రు, గంతే."

"పిల్ల తెలంగాణ అడుగుతుంటె అడ్డం మాట్లాడుతవేంది సారూ? నువ్వు మన దిక్కా, ఆంధ్రోళ్ల దిక్కా?" అని వెనకనుంచి ఒకాయన అరిచాడు.

పొద్దటి నుంచి తెలంగాణ కోసమే పస్తులున్న మనిషి, మళ్లీ తన చోట కూర్చున్నారు. నేను దేవుడు దొరికిండన్న మాటే ఇంకా గట్టిగా అన్నాను. చప్పట్లూ ఇంకా గట్టిగానే వచ్చాయి.

సాయంత్రం దీక్ష ముగించే నిమ్మరసం నా చేతే ఇప్పించారు. సారు ఒక గుక్క తాగి, మైకు బంద్ అయిందో లేదో వెనక్కి తిరిగి చూసుకుని, నా చెవి దగ్గరికి వంగారు.

"గది దేవుడు గాదు బిడ్డా."