పడవకు కూడా ఒక వాటా

సోమవారం ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు చేపలమ్మే ఆమె మా వసారాలో గంప దించింది. రోజూ దించేదే. ఆ రోజు మాత్రం బేరం మొదలుపెట్టకుండా, "అమ్మా, అయ్య దగ్గర మందేమన్నా మిగిలుండాదా? పడవ వాటా అయిపొయింది" అని అడిగింది.

"పడవ వాటా ఏంది?" అన్నాను.

ఇది చాలా ఏళ్ళ కిందటి మాట. ఆమె జవాబు రాసేముందు ఆ మందు సంగతి చెప్పాలి.

మా ఆయన నెల్లూరులో చర్మవ్యాధుల డాక్టరు. పోయి ఏడాది కావస్తోంది. ఆయన గురించి రాయమన్నవాళ్ళు సేవ, త్యాగం లాంటి మాటలు వస్తాయనుకుంటున్నారు. ఆ మాటలు ఎవరైనా తన గురించి వాడితే ఆయనకు ఒళ్ళంతా దురద పుట్టేది. అందుకని తామర గురించి రాస్తాను.

అవి అరవయ్యో దశకం మొదటి సంవత్సరాలు. మైపాడు వైపు సముద్రపు ఒడ్డు జాలరి పాలేల్లో మగవాళ్ళకు నడుము చుట్టూ తామర ఉండేది. తడిసిన గోచీ ఒంటి మీదే ఆరుతుంది, మళ్ళీ తడుస్తుంది. తామరకు అంతకన్నా ఏం కావాలి? దానికి ఆయన పనిచేసే మిషన్ ఆసుపత్రిలో ఒక తెల్ల మందు ఉండేది. ఉండేది అంటే, మద్రాసు నుంచి వచ్చినప్పుడు ఉండేది. మిగతా నెలల్లో రోగులను వచ్చే వారం రమ్మనేవారు.

మా అత్తగారు పిల్లలకు తామరో గజ్జో వస్తే కానుగ నూనెలో గంధకం వేసి కాచి పూసేవారు. అది కూడా తెల్ల మందులాగే పనిచేస్తుందని రుజువు చేస్తే, ఆసుపత్రిలోనే కాచుకోవడానికి అనుమతి ఇప్పిస్తానని మద్రాసులో ఉన్న పై డాక్టరు అన్నాడు. "మీ అమ్మ చెప్పిందంటే చాలదు, అంకెలు పట్టుకురా" అన్నాడట. ఆ సంవత్సరం మా ఆయనకు కావలసింది ఆ అనుమతి ఒక్కటే. తిండి దగ్గర, నిద్ర దగ్గర కూడా అదే మాట.

చేపలమ్మే ఆమె ఉండే పాలెంలో నలభై మంది మగవాళ్ళను ఎంచుకున్నారు. సగం మందికి తెల్ల మందు, సగం మందికి కానుగ మందు. రెండు రకాలున్నాయని అందరికీ చెప్పారు కానీ, ఎవరికి ఏది వెళ్ళిందో పూసుకునేవాడికీ తెలియకూడదు, చూసే డాక్టరుకూ తెలియకూడదు. కాంపౌండరు డబ్బాలకు నెంబర్లు వేసి, ఏ నెంబరు ఏ మందో కాగితం మీద రాసి, కవరులో పెట్టి అంటించాడు. ఆ కవరు నా చేతికిచ్చి, "నేను అడిగినా ఇవ్వకు" అన్నారు మా ఆయన. పెళ్ళయ్యాక నన్ను నమ్మి అప్పగించిన మొదటి వస్తువు అది. రెండుసార్లు అడిగారు. ఇవ్వలేదు.

రెండు మందులూ ఒకే రంగులో కనిపించాలని తెల్లదాంట్లో పసుపు కలపబోయారు. "పసుపు కూడా మందే కదండీ" అన్నాను. కాసేపు నన్ను చూసి, "నువ్వు చదివే నవలల్లో ఇవి కూడా రాస్తారా?" అన్నారు. మర్నాడు మిఠాయిల్లో వేసే రంగు తెచ్చారు. వాసన తేడా తెలియకుండా రెండింటిలోనూ కర్పూరం వేశారు.

రెండు వారాలకొక ఆదివారం మైపాడు బస్సెక్కి, దిగి ఇసకలో నడిచి, కొత్త డబ్బాలు ఇచ్చి వచ్చేవారు. ఒక్కొక్కరి మచ్చ మీద నూనె కాగితం పరిచి, దాని అంచు వెంబడి పెన్సిలుతో గీసి తెచ్చేవారు. ఆ కాగితాలను గళ్ళ కాగితం మీద పెట్టి గళ్ళు లెక్కపెట్టడం నా పని. ఆ మనుషుల ముఖాలు నేను చూడలేదు. వాళ్ళ తామరలు మాత్రం బాగా ఎరుగుదును. పదకొండో నెంబరుది సింహళ ద్వీపంలా ఉండేది. వచ్చిన ప్రతిసారీ అది చిక్కిపోతుంటే కొంచెం బాధ కూడా వేసింది.

మూడు నెలలయ్యాక ఒక శనివారం సాయంత్రం కవరు తెరిచాం. రెండు మందులకూ గళ్ళు దాదాపు ఒకే లెక్కన తగ్గాయి. ఆయన ఉప్మా రెండోసారి వడ్డించుకున్నారు. నా ఉప్మాకు అంతకు ముందు అలాంటి గౌరవం దక్కలేదు. ఆదివారమంతా కూర్చుని మద్రాసుకు పంపే నివేదిక రాశారు. శుభ్రంగా తిరగరాయడం నా వంతు. సగం రాశాను. తెల్లవారితే సోమవారం, చేపల గంప.

"పడవ వాటా అంటే పడవ వాటానేమ్మా" అంది ఆమె, ఇంత చదువుకుని ఇది తెలియదా అన్నట్టు. "అయ్య డబ్బాలిచ్చి పొయినాడా, మా పెద్దాయన అందర్నీ పిలిచినాడు. ఒక సముద్రంలో తడిసినోళ్ళకి ఒకడికో మందు, ఇంకోడికో మందు ఏంది, రేపు ఒకడికి తగ్గి ఒకడికి తగ్గకపోతే కొట్టుకోని చస్తారు అన్నాడు. డబ్బాలన్నీ కుండలో వేసి కలిపి, కొబ్బరి చిప్పతో కొలిచి పంచినాడు. మనిషికో వాటా, వలకో వాటా, పడవకో వాటా. వచ్చినప్పుడల్లా అట్టనే."

వాళ్ళు పట్టిన చేపను పంచుకునే పద్ధతి అదే. మందుకు వేరే పద్ధతి ఉంటుందని వాళ్ళకు తోచలేదు.

"పడవకు తామర ఉందా?" అన్నాను.

"లేకపోతే మాత్రం? అది లేకుండా సముద్రంలోకి ఎవుడు పోతాడు?"

"మరి ఆ వాటా ఏం చేశారు? చెక్కకు పూశారా?"

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఆడోళ్ళం పూసుకున్నాం. మీ ఆయన మమ్మల్ని అడిగినాడా ఏంది? మాకుండేయి మొగోళ్ళకన్నా పెద్దయి."

చేపలు కొన్నాను. ఆ పూట దొరికినవి కవళ్ళు. చిన్న చేపలు, శుభ్రం చేయడానికి చాలాసేపు పడుతుంది. పెరట్లో మా ఆయన స్నానం చేస్తూ పాడుతున్నారు. ఆయన పాడటం అరుదు, అది మా అదృష్టం. నేను నోరు మూసుకుంటే నివేదిక వెళ్తుంది, అనుమతి వస్తుంది, పాలేల్లో గోకుడు తగ్గుతుంది. అందరికీ తగ్గిన మాట అబద్ధం కాదు. ఈ సంగతి చేపలావిడకు, నాకు తప్ప నెల్లూరులో ఎవరికీ తెలియదు. ఆఖరి చేప అయ్యేదాకా ఇదే ఆలోచించాను.

కాఫీ ఇచ్చి చెప్పేశాను.

ఆయన గ్లాసు కింద పెట్టారు.

"అంటే మూడు నెలలు ఒకే మందును దాంతోనే పోల్చాను" అన్నారు.

"అవునండీ. సమానంగానే వచ్చింది కదా."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆయన ముఖం చూశాక తెలిసింది. కానీ కాసేపటికి ఆయనే అడిగారు. "పడవకు ఎంత ఇచ్చారట?"

"ఒక చిప్ప."

"డాక్టరుకు?"

"డాక్టరు లేకుండా సముద్రంలోకి పోగలరు కదండీ."

నేను రాసిన కాపీ మీద అడ్డంగా గీత కొట్టి, జరిగింది జరిగినట్టు రాసి మద్రాసుకు పంపారు. పై డాక్టరు జవాబులో రెండే మాటలు: మళ్ళీ చెయ్యి.

తర్వాతి ఆదివారం నన్ను కూడా పాలేనికి తీసుకెళ్ళారు. పాలెం పెద్ద వల బాగుచేసుకుంటున్నాడు. చుట్టూ నా నలభై తామరలూ చొక్కాలు లేకుండా నిలబడి ఉన్నాయి.

"ఏ మందు మంచిదో తెలుసుకోవాలనే కదా పెద్దాయనా, రెండు ఇచ్చింది" అన్నారు మా ఆయన.

"తెలవకుండానే ఇచ్చినావా సామీ?" ముసలాయన నిజంగా కంగారుపడ్డాడు. "డాక్టరువి గదా, నీకు తెలుసనుకుంటిమే!"

"తెలియదు. అందుకే ఒకరికి ఒకటి, ఇంకొకరికి ఇంకొకటి."

"అట్టయితే కలపడమే మేలు గదా. ఏదో ఒకటి తగుల్తది."

వెనక ఎవరో నవ్వారు. మా ఆయన ఇసకలో కూర్చుని, మద్రాసు మందు సంగతి, కానుగ నూనె సంగతి, అనుమతి సంగతి మొదటినుంచీ చెప్పారు. ముసలాయన వల వదలకుండా విన్నాడు.

"మా పాలేనికంతా ఒకటే ఇయ్యి. రెండోది ఉత్తరాన ఉండే పాలేనికి ఇయ్యి."

"వాళ్ళతో పంచుకోరు కదా?"

"వాళ్ళతోనా? రెండేళ్ళ నించి మాటల్లేవు సామీ. మా వల కోసినారు."

మా ఆయన నన్ను ఒకసారి చూసి, నోటుబుక్కు తీసి రాసుకున్నారు. ఆయన చదివిన పుస్తకాల్లో ఆ పద్ధతి ఉందో లేదో నేను అడగలేదు. "ఈసారి ఆడవాళ్ళను కూడా చూడాలి" అన్నారు. అక్కడున్న మగవాళ్ళంతా ఒక్కసారిగా సముద్రం వైపు చూశారు. "మా ఆవిడ చూస్తుంది" అన్నారు, నన్ను అడగకుండానే.

అలా గుడిసెలో కూర్చుని నూనె కాగితం మీద గీయడం నేర్చుకున్నాను. నేను గీసిన మొదటి నడుము చేపలావిడది. "పెన్సిలు కితకితలు పెడతా ఉండాదమ్మా" అని మెలికలు తిరిగింది. "అయ్య మొగోళ్ళకీ ఇట్టనే గీసినాడా? అందుకే నవ్వుకుంటా వచ్చినారు." పడవకు కూడా ఒక డబ్బా ఇచ్చాం. ఇవ్వకపోతే ముసలాయన ఒప్పుకోలేదు.

రెండు పాలేల లెక్కలూ చూస్తే, ఈసారి గళ్ళు సమానంగా తగ్గలేదు. కానుగ మందు పనిచేసింది, కానీ తెల్ల మందు కన్నా ఆలస్యంగా. మా ఆయన నివేదికలో 'ఆలస్యంగా' అని రాశారు.

"'కాస్త ఆలస్యంగా' అని రాయనా?" అన్నాను, కాపీ చేస్తూ.

"కాస్త అంటే ఎన్ని గళ్ళు?" అన్నారు.

ఆయన రాసినట్టే రాశాను. ఇక అనుమతి రాదని ఇద్దరం అనుకున్నాం. వచ్చింది. తెల్ల మందు లేనప్పుడు మాత్రమే వాడాలని షరతు పెట్టారు. తెల్ల మందు ఎప్పుడూ ఉండేది కాదు కాబట్టి ఆ షరతు ఎవరినీ ఇబ్బంది పెట్టలేదు. శనివారాలు ఆసుపత్రి వెనక పెద్ద బాణలిలో కాచేవారు. ఆయన దగ్గరుండి కలియబెట్టించేవారు. ఆయన చొక్కాలను ఎన్నిసార్లు ఉతికినా గంధకం వాసన పోయేది కాదు. దాని గురించి నేను చాలా ఏళ్ళు సణిగాను.

తర్వాత ట్యూబుల్లో మందులు వచ్చాయి. త్వరగా తగ్గేవి, వాసన లేనివి. మంచివేనని ఆయనే చెప్పారు. ఇప్పుడు ఆసుపత్రిలో మందు కాచరు.