లింగేశ్వరి పిస్తోలులో లోపం లేదు

పైన రాసిన మాట ఎంత చిన్నదో చూశారు కదా. ఆ చిన్న మాట ఇన్నేళ్ళుగా నా గొంతులో అడ్డంపడి ఉంది. మామూలు రోజుల్లో అది ఉన్నట్టే తెలియదు. ఎవరైనా నన్ను మెచ్చుకున్నప్పుడు మాత్రం కదులుతుంది. గద్వాలలో మా పోలీస్ స్టేషన్‌కు కొత్తగా వచ్చిన ఆడపిల్లలు, "మేడం, మీరు స్పోర్ట్స్ కోటానట గదా" అని కళ్ళు పెద్దవి చేసి అడుగుతారు. నవ్వుతాను. ఆ నవ్వు నాకే నచ్చదు.

నా పేరు రాయడం లేదు. ధైర్యం అక్కడిదాకా రాలేదు. లింగేశ్వరి అన్న పేరు కూడా నేను పెట్టిందే. మిగతాదంతా జరిగింది జరిగినట్టే చెబుతాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

మాది బిజినేపల్లి దగ్గర ఒక ఊరు. పల్లీ, పత్తి పండే మెట్ట పొలం మాది. డిగ్రీ చదవడానికి వనపర్తి వచ్చాను. అక్కడ ఒక పాత పల్లీల గోదాములో, సైన్యం నుంచి రిటైరై వచ్చిన ఒకాయన పిల్లలకు ఎయిర్ పిస్తోలు నేర్పేవాడు. ఆయనది వడ్డేపల్లి. అందరం సార్ అనే పిలిచేవాళ్ళం. గోదాము ఈ చివర నిలబడి ఆ చివర గోడకున్న కాగితం మీది నల్ల చుక్కను కొట్టాలి. ఒక్క చేత్తోనే. దేనికీ ఆనుకోకూడదు. పిస్తోళ్ళు అకాడమీవే. తలా ఒకటి కేటాయించి, దాని పెట్టె మీద మా పేర్లు అతికించేవాడు సార్.

లింగేశ్వరి అక్కడే పరిచయం. మన్ననూరు పైన నల్లమలలో ఒక పెంటలో, అంటే అడవిలోని చిన్న గూడెంలో, పుట్టింది. చెంచుల అమ్మాయి. వాళ్ళ నాన్న అడవిలో కాపలా పనికి పోయేవాడు. ఇద్దరం ఒకే గది అద్దెకు తీసుకున్నాం. ఒకే పొయ్యి, ఒకే బకెట్టు. ఆమె బాగా కొడితే చూసినవాళ్ళంతా, చెంచుపిల్ల కదా, గురి పుట్టుకతోనే వస్తుంది అనేవాళ్ళు. ఆమెకు ఒళ్ళు మండేది.

"మా నాయన చేతుల నేను సూసింది టార్చిలైటు, టిఫిను డబ్బ. విల్లు నేను గూడ బొమ్మలల్లనే సూసిన" అనేది.

ఆమె గురి ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. రోజూ పొద్దున నీళ్ళు నింపిన సీసా పట్టుకుని, చెయ్యి చాపి, గోడకు ఎదురుగా నిలబడేది. చెయ్యి వణికేది. దించేది కాదు. నేను మంచం మీద పడుకుని చూసేదాన్ని. లేచి పక్కన నిలబడాలని ఎన్నిసార్లు అనుకున్నానో. నిలబడలేదు. అయినా నా గురి కూడా తక్కువేం కాదు. చాలాకాలం ఇద్దరం సమానంగానే ఉన్నాం. తర్వాత ఆమె ముందుకు పోయింది. కొంచెమే. ఆ కొంచెం నన్ను తినేసింది. అసూయ అంటే ఒక మంటలా ఉంటుందనుకునేదాన్ని. నాకు అలా రాలేదు. ఆమె మీద ప్రేమ తగ్గలేదు, ఆమె వండిన జొన్నరొట్టె తింటూనే ఉన్నాను, జ్వరమొస్తే దవాఖానకు తీసుకుపోయాను, కానీ ఆమె పిస్తోలు ఎత్తిన ప్రతిసారీ గుండు పక్కకు పోవాలని లోపల ఎవరో కోరుకునేవారు. ఆ ఎవరో నేనే.

ఇక రెస్టు సంగతి చెప్పాలి. అది లేకుండా ఈ కథ లేదు.

రెస్టు అంటే బల్ల మీద పెట్టే చిన్న ఇనుప పీట. పిస్తోలును దాని ఒళ్ళో కూర్చోబెట్టి, కింద ఉన్న మరతో ఎత్తు పెంచి తగ్గించి, నట్టు బిగించి, కదలకుండా పెట్టి కాలుస్తారు. పోటీలో అది ఉండదు. పిస్తోలును పరీక్షించడానికే. మనిషి చేతిలో వణుకు ఉంటుంది, ఊపిరి ఉంటుంది. రెస్టు మీద అవేవీ ఉండవు. గుండ్లన్నీ ఒకే చోట పడితే పిస్తోలు మంచిది. చెదిరితే పిస్తోలులోనే ఏదో తేడా ఉంది. రెస్టు అబద్ధం చెప్పదని సార్ నమ్మకం.

మా రెస్టు పాతది. దాన్ని తుడిచి, అమర్చే పని నాది. ముందు వైపు కిందున్న మర చుట్లు అరిగిపోయాయని నేనే కనిపెట్టాను. నట్టు ఎంత బిగించినా, ఒక్కో గుండు పేల్చేసరికి ముందు భాగం వెంట్రుకవాసి కిందికి జారేది. సార్‌కు చెబుదామనుకుంటూనే, సైకిల్ ట్యూబు ముక్క ఒకటి గోరంత కత్తిరించి నట్టు కింద దూర్చాను. జారడం ఆగింది. సార్‌కు చెప్పడం మరిచిపోయాను. అప్పుడు నిజంగానే మరిచిపోయాను.

హైదరాబాదులో రాష్ట్ర జట్టు ఎంపికకు వారం ఉందనగా సార్ అందరి పిస్తోళ్ళూ రెస్టు మీద పరీక్షించాడు. చివర్లో మేమిద్దరం మిగిలాం. ముందు నాది. ట్యూబు ముక్క ఉంది. గుండ్లన్నీ ఒకే చిల్లులో దూరినట్టు పడ్డాయి. నా పిస్తోలు తీసి, రెస్టు తుడుస్తున్నట్టు వంగి, ఆ ముక్కను లాగి గుప్పిట్లో పెట్టుకున్నాను.

ఎందుకు తీశాను? ఆ క్షణంలో నాకు నేను చెప్పుకున్న జవాబు గుర్తుంది. ఇది నాది, నేను కత్తిరించుకున్నది, నా పని అయిపోయింది. ఎంత చక్కగా ఉందో చూడండి ఆ జవాబు.

"రెస్టు బిగించినవా?" అని సార్ అడిగాడు.

"బిగించిన సార్."

అబద్ధం కాదు. బిగించాను. బిగిసిందా అని ఆయన అడగలేదు.

లింగేశ్వరి పిస్తోలు గుండ్లు కాగితమంతా చెదిరిపోయాయి. ఒకటి కింద, ఒకటి ఇంకా కింద, ఒకటి పక్కకు. సార్ కాగితం చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. ఆయన తొందరపడే మనిషి కాదు. ముందు రెస్టునే అనుమానించాడు.

"నీ పిస్తోలు ఇంకోపాలి పెట్టు" అన్నాడు నాతో.

అక్కడ నాకు అవకాశం దొరికింది. దేవుడు తలుపు తీసి పట్టుకున్నట్టు. ఏమీ చెప్పక్కర్లేదు, ఊరికే నా పిస్తోలు పెట్టి కాలిస్తే చాలు, నా గుండ్లు కూడా చెదిరేవి, రెస్టు సంగతి బయటపడేది. నేను వాళ్ళకు వీపు పెట్టి, బల్ల మీదికి వంగి, గుప్పిట్లో ఉన్న ముక్కను మళ్ళీ నట్టు కింద దూర్చాను. నా చెయ్యి ఏమాత్రం వణకలేదు.

నా గుండ్లు మళ్ళీ ఒకే చోట పడ్డాయి.

మొదటిసారి తీసినదాన్ని పొరపాటని, చిన్నతనమని ఎన్నో పేర్లు పెట్టి సర్దుకున్నాను. రెండోసారికి మాత్రం ఏ పేరూ దొరకలేదు. ఇప్పటికీ దొరకలేదు.

సార్ లింగేశ్వరి వైపు తిరిగాడు. "ఏమైందే దీనికి? యాడన్న పడేసినవా?"

ఆమె ముఖం తెల్లబోయింది. లేదని చెప్పి ఉంటే సరిపోయేది. కానీ ఆమె అబద్ధం ఆడే మనిషి కాదు.

"పడ్డది సార్. మొన్న అల్మారల నుంచి తీస్తుంటే పెట్టె జారి కింద పడ్డది. మెల్లగనే పడ్డది సార్. ఏం గాలేదనుకున్న. మీకు జెప్పకపోవుడు నాదే తప్పు."

ఆమె చెయ్యని తప్పు ఒప్పుకుంటోంది. చేసిన నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఇప్పుడు చెప్పు, ఇప్పుడు చెప్పు అని లోపల వినబడుతూనే ఉంది. సార్ ఆ పెట్టె మూసి, దాని మీద ఆమె పేరున్న కాగితం చించేశాడు.

ఎంపికలో ఆమె అకాడమీలో మిగిలి ఉన్న ఇంకో పిస్తోలుతో కాల్చింది. దాని పిడి మగవాళ్ళ చేతికి చేసింది. ఆమె వేళ్ళు చుట్టూ అందేవి కావు. ఆమె వెనకబడింది. నాకు చోటు దక్కింది. తిరిగి వచ్చేటప్పుడు కొత్తకోటలో బస్సు మారడానికి దిగాం. లింగేశ్వరి రోడ్డు దాటి పోయి మిర్చిబజ్జీలు పట్టుకొచ్చి, "తినే, గెలిచినోళ్ళు ఆకలితోని ఉండొద్దు" అంది. తిన్నాను. అదీ చెప్పాలి కదా. తిన్నాను.

డిగ్రీ పరీక్షలు కాగానే ఆమె అడవికి వెళ్ళిపోయింది. మళ్ళీ అకాడమీకి రాలేదు. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు ఆమె గురించి చెప్పేవాళ్ళు, పిస్తోలు పడేసి చెడగొట్టుకున్న అమ్మాయి అని. ఆ మాట నా ముందే ఎన్నోసార్లు అన్నారు.

వానాకాలం పోయాక కొత్త రెస్టు వచ్చింది. సార్ ఎందుకో లింగేశ్వరి పాత పిస్తోలు తీసి దాని మీద పెట్టాడు. గుండ్లు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఆయన నా వైపు చూశాడు.

"రిపేరు చేయించిన్రా సార్?" అని అడిగాను. ఆ ప్రశ్న అడగగలిగినందుకు నాకు నేనంటే ఇప్పటికీ భయం.

"లే" అన్నాడు. బయటికి వెళ్ళిపోయాడు. ఆయనకు అర్థమైందా? అర్థమయ్యే ఊరుకున్నాడా? జట్టులో నా పేరు అప్పటికే ఉంది. అకాడమీ నుంచి రాష్ట్ర జట్టుకెక్కిన మొదటి పేరు అదే. ఆయన ఇప్పుడు లేడు. అడగడానికి వీలు లేదు. తప్పు ఆయన మీదికి నెట్టడానికి కూడా నాకు మనసు రావడం లేదు.

స్పోర్ట్స్ కోటాలో నాకు ఉద్యోగం వచ్చింది. పెళ్ళయింది. సార్ పోయాక గోదాము మూతపడుతుందంటే, సెలవు రోజుల్లో గద్వాల నుంచి వెళ్ళి నేనే పిల్లలకు నేర్పుతున్నాను. మంచి పని అని అందరూ అంటారు. అప్పు తీరుస్తున్నానా, దాచిన చోటికి కాపలా కాస్తున్నానా, నాకు తెలియదు.

ఈ మధ్య ఒక ఆదివారం లింగేశ్వరి గోదాముకు వచ్చింది. ఒక పిల్ల చెయ్యి పట్టుకుని వచ్చింది. వాళ్ళ అక్క బిడ్డ. పిస్తోలు నేర్చుకోవాలని ఆ పిల్ల ఒకటే పోరుతోందట. లింగేశ్వరి మన్ననూరులో బట్టలు కుడుతోంది. కొంచెం లావైంది. నన్ను చూసి, "మేడం అయినవు గదనే" అని నవ్వింది. నేను పిల్లకు ఒక పెట్టె అందించాను. లింగేశ్వరి చటుక్కున ముందుకొచ్చింది.

"రెండు చేతులతోని పట్టుకో బిడ్డా. పడేస్తవు. నేను ఒక్కపాలి పడేసి అంత ఆగం జేసుకున్న."

నేను అక్కడ ఇక నిలబడలేకపోయాను. ఆమెను బయటికి, రేకుల కిందికి పిలిచాను. చెప్పేశాను. అరిగిన మర, ట్యూబు ముక్క, దాన్ని తీయడం, మళ్ళీ పెట్టడం. సరిగ్గా వరసలో కూడా చెప్పలేదు. ఆమె రోడ్డు వైపు చూస్తూ విన్నది. ఒక ఆటో పోయింది, ఇంకో ఆటో పోయింది.

"రెండోపాలి గూడ తెలిసే పెట్టినవా?"

"తెలిసే పెట్టిన."

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. ఎవరి గురించో చెబుతున్నట్టు మెల్లగా అంది: "నా చేతులల్ల ఏది నిలువదు అనుకున్ననే. ఈ పిల్ల పుట్టినప్పుడు మా అక్క ఎత్తుకోమని ఇస్తే, ఎత్తుకోనీకె భయపడ్డ. పక్కల కూసొని సూసిన గాని ఎత్తుకోలే."

నేను పోగొట్టింది ఒక పోటీ అనుకున్నాను ఇన్నేళ్ళూ. ఒక ఉద్యోగం, మహా అయితే. ఆమె తన చేతులనే నమ్మకుండా బతికిందని నాకెలా తెలుస్తుంది? తెలుసుకోవాలని ఎప్పుడు ప్రయత్నించాను?

"ఈడ నేర్పేది నువ్వొక్కదానివేనా?" అని అడిగింది. "ఇంకెవ్వరు లేరా?"

"ఇంకెవ్వరు లేరు."

లోపలికి వెళ్ళి పిల్లను తీసుకుని నాగర్‌కర్నూలు బస్సు కోసం నడిచింది. మళ్ళీ వస్తామనలేదు. రామనీ అనలేదు.

ఆ తర్వాతి ఆదివారం పిల్లలనూ, వాళ్ళను దింపడానికి వచ్చిన పెద్దవాళ్ళనూ నిలబెట్టి అంతా చెప్పాను. ఆ గోదాములో లింగేశ్వరి మీద పడ్డ మాట అక్కడే తీసెయ్యాలనిపించింది. కొత్తకోటలో లారీలు బాగుచేసే ఒకాయన ఉన్నాడు, ఆయన కూతురు బాగా నేర్చుకుంటోంది. ఆయనే ముందు అడిగాడు.

"మరి మా పిల్లను మీ తాన ఎట్ల పెట్టాలె మేడం?"

"అది మీ ఇష్టమన్నా. నేను జేసింది మాత్రం గిది."

ఆయన ఆ రోజుకు కూతుర్ని తీసుకుపోయాడు. నేను ఆపలేదు. ఉద్యోగం వదులుతున్నానని మీకు చెప్పను. వదలడం లేదు. ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారని ఒక కారణం చెప్పగలను, కానీ అసలు కారణం నాకు భయం. లింగేశ్వరి నన్ను క్షమించలేదు. క్షమించమని నేను అడగలేదు, అడిగే హక్కు ఉందనీ అనుకోవడం లేదు. ఆమె అక్క బిడ్డ వస్తుందో రాదో తెలియదు.

అందరూ వెళ్ళిపోయాక గోదాములో ఒక్కదాన్నే కింద కూర్చున్నాను. చాలాసేపు ఏడ్చాను. తర్వాత ఆకలేసింది. ఎన్నో ఏళ్ళ తర్వాత, ఎవరి ముందూ ఏదీ కాపాడుకోవాల్సిన పని లేకుండా, తెచ్చుకున్న డబ్బా విప్పి అన్నం తిన్నాను.