పాండురంగారావు నాలుక మీద మచ్చ

మా పాండురంగారావు నోరు తెరిచాడంటే ఏలూరు ఓడిపోతుంది. ఇది నా సొంత అభిప్రాయం కాదు, కొల్లేరు లీగ్‌లో ఫుట్‌బాల్ చూసే జనమంతా ఒప్పుకున్న సంగతి. వాడి నాలుక మీద కందిగింజంత నల్లమచ్చ ఉంది. అలాంటి మచ్చ ఉన్నవాళ్లు చెడు పలికితే జరిగి తీరుతుందని మన వైపు గట్టి నమ్మకం. మచ్చ ఉన్న మర్యాదస్తులు నోరు అదుపులో పెట్టుకుని బతుకుతారు. మావాడు మాత్రం మ్యాచ్ ఉన్న ప్రతి ఆదివారం గ్రౌండు గేటు దగ్గర నిలబడి, నాలుక బయటికి చాపి, వచ్చేవాళ్లందరికీ చూపించి, ఆ తరవాతే జోస్యం మొదలుపెడతాడు.

"ఈ వేళ రెండు గోల్సండీ!"

"మనం కొడతామా అండీ?"

"అబ్బే, మనకి పడతాయి. రెండోది మన గోల్‌కీపర్ హేమంత్‌కుమార్ చంక కిందనుంచి పోతుంది."

పోయేది. పోని రోజులూ ఉండేవి గానీ, అవి ఎవరికి గుర్తుంటాయి?

వాడూ నేనూ ఏలూరు కాన్వెంట్‌లో ఒకే బెంచీ. మధ్యాహ్నం బెల్లు కొట్టగానే సిస్టర్ మా అందరిచేతా నాలుకలు బయటపెట్టించేవారు, వెనక దొడ్లో నేరేడుపళ్లు ఎవరు తిన్నారో పట్టుకోవడానికి. ఆ తనిఖీల్లో పాండుగాడి నాలుక చాలాసార్లు చూశాను. మచ్చ ఉన్నట్టు నాకు గుర్తు లేదు. ఓసారి ఆ మాటే అడిగాను.

"ఒరేయ్ పాండూ, చిన్నప్పుడు లేదు కదరా ఇది?"

"చెవుల్లో వెంట్రుకలు చిన్నప్పుడు ఉన్నాయట్రా నీకు? కొన్ని వయసుతో వస్తాయి."

చెవులు తడుముకున్నాను. నిజమే.

ఎప్పుడొచ్చినా, ఆ మచ్చ ప్రతాపం నేను కళ్లారా చూశాను. కలిదిండిలో మ్యాచ్ రోజున ఆకాశం అద్దంలా ఉంది. వీడు పెదవులు తడుపుకుని "వాన పడేట్టుందే" అన్నాడు. భీమవరం వెళుతున్న మేఘం ఒకటి దారిలో ఆగి, వెనక్కి తిరిగొచ్చి, మా మీద కురిసి, మళ్లీ తన దారిన భీమవరం వెళ్లిపోయింది. చింతలపూడిలో "బంతిలో గాలి పోతుంది" అన్నాడు. బంతితోబాటు రిఫరీ మోటారు సైకిలు చక్రాలు రెండూ కూడా చప్పబడ్డాయి.

ఆకివీడు సంగతి మరీ ఘోరం. అక్కడి గ్రౌండుకి మూడు వైపులా చేపల చెరువులే. "బంతి నీళ్లలో పడుతుంది, నష్టం మాత్రం మనకే" అన్నాడు. పడింది. చెరువులోంచి ఓ బొచ్చె చేప ఎగిరి, తలతో బంతిని తిన్నగా మన గోల్లోకి కొట్టింది. రిఫరీ ఈల ఊది గోల్ ఇచ్చేశాడు. నమ్మకం లేకపోతే వెళ్లి ఆ చేపనే అడగండి. కాకపోతే దాన్ని ఆ సాయంత్రమే లారీ ఎక్కించేశారు.

ఇలా అయితే లాభం లేదని ఏలూరు అభిమానులు వాడి నోరు మూయించే ఏర్పాటు చేశారు. దానికి నాయకుడు వీర్రాజు, భీమడోలు వరి రైతు. ఆయన గొంతుకి భయపడి ఆయన చేలో కొంగలు కూడా వాలవు. తింటున్న నోరు మాట్లాడదన్నది వీర్రాజు సిద్ధాంతం.

"రావుగారూ, బజ్జీ తీసుకోండి."

"వేడిగా ఉందండీ. ఇంతకీ మన డిఫెన్సు…"

"చల్లారిపోయిందండీ! నోట్లో పెట్టేసుకోండి!"

పాండురంగారావు బజ్జీ నిదానంగా నమిలి, మూతి తుడుచుకుని, "కుడివైపు చిల్లండీ" అని వాక్యం పూర్తి చేసేవాడు. పూతరేకులు పెట్టి చూశారు. అవి నోట్లో పడగానే కరిగి మాటకి దారి ఇచ్చేసేవి.

ఇక ఓడిన సాయంత్రం వాడి వైభవం చూడాలి. పెద్ద గేటు దగ్గర, ఎవరి కంటా పడకుండా పోతానేమోనని బెంగపెట్టుకున్నట్టు, ఎత్తుగా ఉన్న సిమెంటు దిమ్మ ఎక్కి నిలబడేవాడు. జనం చుట్టూ మూగేవారు.

"నోరా అది, మురిక్కాలవా?"

"మీ ఇంట్లో వాళ్లు ఎలా వేగుతున్నారండీ మీతో?"

"ఇంకో ఊరు లేదా అండీ మీకు? వెళ్లి తాడేపల్లిగూడెం జట్టుని అభిమానించండి, వాళ్లు నాశనమవుతారు!"

వాడు ఎవరినీ తొందరపెట్టకుండా, ఒక్కొక్కరి తిట్టూ పూర్తిగా విని తల ఊపేవాడు. ఈ హడావిడిలో ఆటగాళ్లు పక్క గేటులోంచి ఇళ్లకి వెళ్లిపోయేవారు. వాళ్లని ఎవరూ పట్టించుకునేవారు కారు.

పోయిన సీజన్ ఆఖరి మ్యాచ్ తాడేపల్లిగూడెంతో, వాళ్ల గ్రౌండులోనే. గెలిస్తే కప్పు ఏలూరుది. డ్రా అయినా కప్పు గూడెందే. జనానికి కావలసింది కప్పు. నాకు మాత్రం హేమంత్‌కుమార్ గురించే గుబులు. అతను కలిదిండి చెరువుల దగ్గర పనిచేసుకుంటూ ఆదివారాలు వచ్చి ఆడేవాడు. మంచి కీపరు, మెత్తని మనిషి. అంతకుముందు ఇంకో జట్టుకి ఆడుతూ జనం తిట్టారని ఏడాదిపాటు బంతి ముట్టుకోలేదు. "ఇంకోసారి జనం చేత మాటపడితే ఈ గ్లవ్స్ కొల్లేట్లో పారేసి పోతానండీ, ఆయ్" అని ముందే చెప్పి మాలో చేరాడు.

ఆ ఆదివారం ఏలూరులో బస్సెక్కగానే వీర్రాజు పొట్లం విప్పాడు. అందులో జీళ్లు. పన్నుకి అంటుకుంటే సాయంత్రం దాకా వదలని బెల్లపు జీళ్లు!

"రావుగారూ, ఈ ఒక్క రోజుకీ నోరు విప్పకండి. మీ కాళ్లు పట్టుకుంటాను."

"అది కాదండీ, హేమంత్…"

వీర్రాజు కాళ్లు పట్టుకోలేదు. దవడ పట్టుకుని జీడి లోపలికి తోశాడు. అది నమిలేలోపు ఇంకోటి. గూడెం చేరేసరికి మావాడి రెండు దవడలూ ఒకటైపోయాయి. గేటు దగ్గర నాలుక ప్రదర్శన లేదు, జోస్యం లేదు. జనం పెళ్లికి వచ్చినట్టు లోపలికి నడిచారు.

మొదటి సగంలోనే ఏలూరు గోల్ కొట్టింది. వీర్రాజు లుంగీ ఎగ్గట్టి గంతులేశాడు.

"చూశారా! ఈ నోరు ముందే మూసుంటే ఈపాటికి ఎన్ని కప్పులొచ్చేవో!"

పాండురంగారావు సంతోషించలేదు. "ఊఁ… ఊఁ…" అంటూ నా చొక్కా పట్టుకుని లాగుతున్నాడు. మంచినీళ్లు అడుగుతున్నాడేమో అనుకున్నాను.

రెండో సగంలో గూడెం కుర్రాడెవరో బంతిని అలా ఊరికే తోశాడు. ముసలమ్మ రోడ్డు దాటినట్టు దొర్లుకుంటూ వస్తోంది. హేమంత్‌కుమార్ వంగి చేతులు చాపాడు. బంతి చేతుల్ని తప్పించుకుని, రెండు కాళ్ల మధ్యనుంచి దూరి లోపలికి వెళ్లి కూర్చుంది.

ఏలూరు వాళ్లు అలవాటు ప్రకారం పాండురంగారావు వైపు తిరిగారు. వాడి నోటినిండా జీడి! వాడు ఏమీ అనలేదు కదా! మరి ఎవరిని తిట్టాలి? అందరి తలలూ మెల్లగా గోల్ వైపు తిరిగాయి.

"ఒరేయ్ హేమంతూ! చేతులా అవి, చిల్లుల వలలా?"

"పోయి చేపలకి మేత వేసుకోరా!"

"తీసెయ్యండి వాణ్ని! బయటికి పంపండి!"

హేమంత్‌కుమార్ తల వంచుకున్నాడు. ఒక గ్లవ్ తీశాడు. రెండోది కూడా తీసి, ఎవరి వంకా చూడకుండా గీత దాటబోతున్నాడు.

అప్పుడు లేచాడు పాండురంగారావు. నోట్లో రెండు వేళ్లు పెట్టి గట్టిగా లాగాడు. జీడితోబాటు పై కట్టుడు పళ్లు కూడా ఊడి చేతికొచ్చాయి. వాటిని నా ఒళ్లో పడేసి, బెంచీ ఎక్కి అరిచాడు.

"నేనే! నేనే అన్నాను! పొద్దున్నే మనసులో అనేసుకున్నాను, కాళ్ల మధ్యనుంచి పోతుందని! ఇంకా వినండి, ఇప్పుడు పెనాల్టీ వస్తుంది, అదీ వదిలేస్తాడు!"

అని జనమందరికీ కనబడేలా నాలుక చాపాడు. చాపితే ఏముంది? కందిగింజంత మచ్చ కాస్తా నాలుకంతా పాకింది. కాటుకలా నల్లగా ఉంది!

"అమ్మో, మచ్చ పెరిగిందర్రా!" అని ఎవరో కేక పెట్టారు.

ఇక చూడండి. హేమంత్‌కుమార్‌ని అందరూ మరిచిపోయారు. చెప్పులు లేచాయి, తిట్లు లేచాయి. వీర్రాజు గోళీసోడాలు ఊపి ఊపి కొట్టి పాండురంగారావు మొహానికేసి చిమ్మాడు. "మనసులో కూడా అనుకుంటారా అండీ? జీళ్లు మనసులో ఎలా పెట్టమంటారండీ?" అని ఏడుపు గొంతుతో అరుస్తున్నాడు. గోల్ దగ్గర హేమంత్‌కుమార్ ఈ గొడవ కాసేపు నోరు తెరుచుకు చూశాడు. తన వంక ఎవరూ చూడటం లేదని నమ్మకం కుదిరాక గ్లవ్స్ మళ్లీ తొడుక్కున్నాడు.

పెనాల్టీ నిజంగానే వచ్చింది. హేమంత్‌కుమార్ ఎడమవైపుకి గాల్లో తేలి దాన్ని బయటికి తోసేశాడు. మచ్చ మాట తప్పడం ఎలా జరిగిందని జనం తర్జనభర్జన పడి, పళ్లు లేకుండా పలికాడు కాబట్టి ఫలించలేదని తేల్చారు. కానీ అప్పటికే ఆట అయిపోయింది. డ్రా. కప్పు గూడెం వాళ్లు ఎత్తుకెళ్లారు.

గ్రౌండు వెనక పంపు దగ్గర పాండురంగారావు తల కడుక్కుంటూ, మోగుతున్న ఫోను స్పీకరు నొక్కి నా చేతికిచ్చాడు. నేను హలో అనేలోపే వాడి భార్య జ్ఞానప్రసూనాంబగారు అందుకున్నారు.

"ఏవండీ, మచ్చ నిలిచిందా? ఈసారి ఆముదం కాస్త ఎక్కువే కలిపానండీ."

నేను పాండురంగారావు వైపు చూశాను. వాడు పుక్కిలించి ఉమ్మి, నాలుక నాకు చూపించాడు. ఎక్కడా చుక్కయినా లేదు. కాన్వెంట్‌లో సిస్టర్ చూసిన నాలుకే.

"అమ్మా, నేనండీ," అన్నాను.

"అయ్యో, అన్నయ్యగారా!" తరవాత నవ్వు వినిపించింది. "సరే, తెలిసిపోయింది కదా. బాదంపప్పు కాల్చిన మసండీ అది. ప్రతి ఆదివారం పొద్దున్నే అగ్గిపుల్లతో నేనే పెడతాను."

వాడు సోమవారాలు ఇల్లు కదలకపోవడం ఓటమి దిగులువల్ల అనుకునేవాణ్ణి. ఆముదమన్నమాట!

"ఎందుకమ్మా ఈ వేషం?"

"సుకుమార్ గుర్తున్నాడా అన్నయ్యగారూ? హేమంత్ కంటే ముందు మన కీపరు. ఒక్క గోల్ వదిలాడని జనం ఇంటిదాకా వెంటపడి తిట్టారు. మర్నాటినుంచి ఆ పిల్లాడు బంతి కనబడితే సందు మారిపోయేవాడు. అది చూసి ఓ రాత్రి ఈయన అన్నం ముందు కూర్చుని, 'చంటిపిల్లకి బుగ్గన నల్లచుక్క ఎందుకు పెడతారు ప్రసూనా?' అన్నారు. 'చూసేవాళ్ల కళ్లు పిల్ల మీద కాకుండా చుక్క మీద పడతాయని' అన్నాను. 'అయితే ఆ చుక్క నాకు పెట్టు' అన్నారండీ."

పాండురంగారావు పళ్లు కడిగి పెట్టుకుంటూ, తనే అందుకున్నాడు.

"రైల్వే ఎంక్వయిరీ కిటికీ వెనక ఉద్యోగం చేసినవాణ్ణిరా. రైలు ఎక్కడో ఆగిపోయేది, తిట్లు నాకు పడేవి. ఇంటికొచ్చి శుభ్రంగా పప్పూ అన్నం తిని పడుకునేవాణ్ణి. నాకు అరిగిపోతాయి. కుర్రాళ్లకి అరగవు."

"అన్నయ్యగారూ, ఎవరితోనూ అనకండేం," అంది ఫోనులో ఆవిడ.

"అననీవే!" అన్నాడు పాండురంగారావు. "ఆకివీడు చేప కథ చెప్పిన నోరది. వీడేం చెప్పినా ఎవరూ నమ్మరు."

ఆ ధైర్యంతోనే ఇదంతా ఇక్కడ రాస్తున్నాను.

తిరుగు బస్సులో పాండురంగారావుకి ఎవరూ సీటు ఇవ్వలేదు. కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. ఉంగుటూరు దాకా తిట్లు జోరుగా సాగాయి. తరవాత జనం అలిసిపోయారు. వీర్రాజుకి కూడా గొంతు పోయింది. గొడవ నెమ్మదించేసరికి వెనక సీట్లో ఎవరో, "అయినా ఆ మొదటిది పట్టుకోవలసిందే కదండీ మన హేమంతు…" అని మొదలెట్టారు. పాండురంగారావు చటుక్కున అటు తిరిగి, "వచ్చే ఏడాది కూడా కప్పు రాదండీ!" అన్నాడు. అంతే, బస్సంతా మళ్లీ వాడి మీద పడింది.

కిటికీ పక్కన హేమంత్‌కుమార్ గ్లవ్స్ ఒళ్లో పెట్టుకుని, నోరు కొద్దిగా తెరిచి, చంటిపిల్లాడిలా నిద్రపోతున్నాడు.

నాకు లేచి పాండురంగారావు చేతులు పట్టుకోవాలనిపించింది. పట్టుకుంటే గుట్టు బయటపడుతుంది. ఇన్నేళ్ల స్నేహంలో వాడికి నేను చెప్పవలసిన కృతజ్ఞతలన్నీ ఆ బస్సులో ఒక్కటే రకంగా చెప్పడానికి వీలుంది. భీమడోలు దగ్గరపడ్డాక, తిట్లు మళ్లీ సన్నగిల్లుతున్న సమయం చూసి, నిలబడి గొంతెత్తాను.

"ఒరేయ్ దరిద్రుడా! నీ నాలుక మీద నిప్పులు పొయ్యా! నీలాంటి అపశకునప్పక్షి ఈ జిల్లాలోనే కాదు, ఈ భూప్రపంచంలో ఇంకోడు లేడ్రా!"

బస్సు అదిరింది. జనం చప్పట్లు కొట్టారు. వీర్రాజు నా భుజం తట్టాడు. పాండురంగారావు మాత్రం నా మీదకి వంగి, కిటికీ వైపు కళ్లతో చూపిస్తూ గుసగుసలాడాడు.

"మెల్లిగా తిట్టరా. కుర్రాడు లేస్తాడు."