పడవ కుక్కకు మందు

దుర్గ నోటికి జడవనివాళ్లు ఆ పాలెంలో లేరు. ఎండబెట్టిన చేపల మీద వాలే కాకుల దగ్గర్నుంచి, గంటసేపు బేరమాడి చివరికి కొనకుండా పోయే ఇందుకూరుపేట వ్యాపారుల దాకా అందరూ ఆమె చేత తిట్లు తిన్నవాళ్లే. తినగా తినగా జనానికి అలవాటైపోయింది. సముద్రం హోరు ఎట్లాగో దుర్గ గొంతూ అట్లాగే అనుకుని ఎవరి పని వాళ్లు చేసుకునేవాళ్లు. అందుకే ఆ వానాకాలం ఆమెకు అసలైన కోపం వచ్చినప్పుడు మొదట్లో తేడా ఎవరూ కనిపెట్టలేదు.

కోపం కుక్క గురించి. దాని పేరు మల్లి. అన్నం పెట్టేది దుర్గే, పిలిస్తే పరుగెత్తుకొచ్చేది దుర్గ దగ్గరికే. కానీ అది దుర్గ కుక్క కాదు, పడవ కుక్క. ఉప్పుకాలువలో కట్టేసిన పడవలో పడుకుని వలలకు కాపలా కాస్తుంది. పడవ సముద్రంలోకి కదిలేటప్పుడు గట్టు మీదికి దూకేస్తుంది, తిరిగొచ్చేటప్పుడు అందరికంటే ముందు మొరుగుతుంది. ఆ పాలెంలో ప్రతి పడవకూ ఇలాంటి కుక్క ఒకటి ఉంది. పడవ అదృష్టం కుక్క ఒంటి మీద ఉంటుందని వాళ్ల నమ్మకం.

ఆ నమ్మకానికి ఒక తోక కూడా ఉంది. వేసవిలో వేట నిషేధం వచ్చినప్పుడు పడవను ఇసుక మీదికి లాగి, అడుగున అంటుకున్న గుల్లలు గీకి, రంగు వేస్తారు. కుక్కకు స్నానం చేయించి, పేలు ఏరి, పురుగుల మందు మింగించేది కూడా ఆ రోజే. ఏడాదికి ఒక్కసారి. మళ్లీ పడవ నీళ్లలోకి దిగాక, ఇంకో నిషేధం వచ్చేదాకా కుక్కను కడగకూడదు, దువ్వకూడదు, మందు పోయకూడదు. నడిసముద్రంలో పడవ అడుగు గీకినంత పాపమట అది. దుర్గ కూడా కాపురానికొచ్చిన నాటినుంచి ఇదే పాటించింది. ఎందుకని ఒక్కసారీ అడగలేదు. ప్రతిదానికీ లేచే ఆ నోరు దీని దగ్గర మాత్రం ఎందుకు మూసుకుందో ఆమెకే తెలియదు.

కార్తీకంలో ముసురు పట్టినప్పుడు, పాత వలల కుప్ప మీద మల్లి ఐదు పిల్లల్ని పెట్టింది. మొదట బొద్దుగా కనిపించాయి. కొన్నాళ్లకు పొట్టలు బిందెల్లా ఉబ్బి, కాళ్లు పుల్లల్లా అయ్యాయి. చేత్తో తడిమితే కుక్కపేలు ఎగిరెగిరి దూకేవి. ఒక పిల్ల వాంతి చేసుకుంటే అందులో దారాల్లాంటి తెల్లటి పురుగులు మెలికలు తిరిగాయి. ఇరుగుపొరుగు దిష్టి అన్నారు, చలిగాలి అన్నారు. చూస్తుండగానే ఒకదాని వెనక ఒకటి నాలుగు పోయాయి. నాలుగింటినీ దుర్గే సరుగుడు చెట్ల కింద ఇసుకలో పూడ్చింది. ఏడవలేదు. తవ్వుతున్నంతసేపూ వాననూ గాలినీ చేతిలో పారనూ తిడుతూనే ఉంది.

మిగిలింది ఒక్క ఆడపిల్ల. పడవకు మల్లి ఉండగా ఇంకో ఆడకుక్క ఎవరికీ అక్కర్లేదు. దాన్ని చేపల బుట్టలో పెట్టి, పైన గోనెపట్టా కప్పి, దుర్గ ఆటో ఎక్కి పశువుల ఆసుపత్రికి పోయింది.

డాక్టరు కరుణాకుమారి పిల్ల పెదవి ఎత్తి చూసింది. చిగుళ్లు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి.

"తల్లికి చివరగా పురుగుల మందు ఎప్పుడు వేశారమ్మా?"

"నిషేధంలో మేడం. పడవకి గుల్లలు గీకిననాడే."

"పడవకూ కుక్కకూ ఏంటి సంబంధం?"

దుర్గ చెప్పింది. డాక్టరు నవ్వలేదు. నవ్వి ఉంటే దుర్గ అక్కడే నాలుగు మాటలు దులిపేసి వచ్చేసేది. డాక్టరు నెమ్మదిగా విడమరిచి చెప్పింది. తల్లి ఒంట్లో ఉన్న పురుగులు కడుపులో ఉండగానే పిల్లలకు చేరతాయి, పుట్టాక పాలతోనూ చేరతాయి. అందుకే పిల్లలకు రెండు వారాల వయసు నుంచే మందు మొదలుపెట్టాలి. మూడు నెలలు నిండేదాకా రెండు వారాలకొకసారి, ఆరు నెలలు వచ్చేదాకా నెలకొకసారి, ఆ తర్వాత బతికినంతకాలం మూడు నెలలకొకసారి. పిల్లలకు వేసినప్పుడే తల్లికీ వేయాలి. పేలయితే ఈ ఉక్కకు ఏడాది పొడుగునా పుడుతూనే ఉంటాయి కాబట్టి పెద్దదానికి నెలనెలా మెడ మీద మందు చుక్కలు వేయాలి. పిల్లకు ఆ మందు ఇంకా పనికిరాదు, సన్నదువ్వెనతో దువ్వాలి. పడుకునే గుడ్డలు ఉతికి ఎండలో వేయాలి.

"ఏడాదికొకసారి వేస్తే వేయనట్టేనమ్మా. పేలు పిల్లల రక్తం తాగేస్తాయి, లోపల పురుగులు మిగిలింది తాగేస్తాయి."

"మరి ఇన్నేళ్లు ఈ మాట మాకెవురూ చెప్పలేదే!" దుర్గ గొంతు వరండా దాటి గేటు దాకా వినిపించింది. "నాలుగు పోయినాక చెప్తే ఎట్టా మేడం?"

"ఇన్నేళ్లు మీరు అడిగారా?" అంది డాక్టరు.

దుర్గ పిల్లకు మందు సీసా, మల్లికి మాత్రలూ పేలమందూ తీసుకుని బయటికి నడిచింది. దారి పొడుగునా ఆటో డ్రైవరును తిట్టుకుంటూ ఇల్లు చేరింది.

ఇంటి దగ్గర పోలేరయ్య కూర్చుని ఉన్నాడు. దుర్గ మొగుడు పెంచల్‌కు అన్న, పడవకు పెద్ద. పాలెంలో దుర్గ గొంతెత్తని మనిషి ఎవరైనా ఉన్నారంటే ఈ బావ ఒక్కడే. పెంచల్ సంగతి చెప్పాల్సిన పనేలేదు, అన్న నిలబడమంటే నిలబడే రకం. మందు సీసా చూసి పోలేరయ్య మొహం ముడుచుకున్నాడు.

"పిల్లకి పోసుకో, వద్దనను. అదింకా పడవ ఎక్కలేదు. మల్లిని మాత్రం ముట్టుకోబాక. రేపు మేము పోటు చూసుకుని వేటకి పోతుండాం."

"ఇద్దరికీ కలిపి ఏయాలంట బావా."

"పడవలో ఉండేది నీ మొగుడే గదమ్మా. నీ ఇష్టం మరి."

ఆ మాట సూటిగా తగిలింది. సముద్రం మీదికి పోయే మగవాడున్న ఏ ఆడదానికైనా తగులుతుంది. దుర్గ మల్లి మందును దూలంలో దోపేసి, పిల్లకు మాత్రం పోసింది.

మర్నాడు పిల్లకు పురుగులు ఉండలు ఉండలుగా పడ్డాయి. నాలుగు రోజులకల్లా అది తోక ఊపి, ఎండుచేప ముక్క కోసం దుర్గ కాలివేలు కొరికింది. పాలెమంతా వచ్చి చూసిపోయింది. "ఒక్కసారికే ఎంత బాగైపోయిందో," అన్నారు. ఒక్కసారితో అయిపోలేదని దుర్గ ఎంత అరిచినా, దుర్గ అరుపే కదా అని పోయారు.

మల్లి పడవలోంచి వచ్చి పిల్ల పక్కన పడుకునేది. పాలిచ్చేది, పాలతో పురుగులూ ఇచ్చేది, పేలూ ఇచ్చేది. దుర్గ పొద్దున దువ్వి ఏరేస్తే సాయంత్రానికి మళ్లీ అన్నీ ఉండేవి. రెండోసారి మందు పోసే రోజు వచ్చేసరికి పిల్ల మళ్లీ మూలన ముడుచుకుని పడుకుంది. దుర్గ దాని పెదవి ఎత్తి చూసింది. అదే తెలుపు.

అప్పుడు వచ్చింది కోపం. ముందు తన మీద. తెలియక నాలుగింటిని పోగొట్టుకుంది, సరే. ఇప్పుడు తెలిసి కూడా ఐదోదాన్ని చంపుకుంటోంది. దూలంలోంచి మందు లాగింది. మాత్రను ఉడికిన చేపముక్కలో కుక్కి, చీర కుచ్చిళ్లు ఎగదోపి, కాలువ దగ్గరికి నడిచింది. దారిలో ఎవరినీ తిట్టలేదు. అది చూసి జనం వెనకాలే వచ్చారు.

పోటు నిండుగా ఉంది, కాలువలో నీళ్లు పైకి ఎక్కాయి. వలలు ఎక్కించడం అయిపోయింది. మల్లి ఇంకా పడవ ముక్కు మీదే కూర్చుని ఉంది. దుర్గ తొడల్లోతు నీళ్లలోకి దిగి చెయ్యి చాపింది. చేపముక్క కదా, మల్లి ఒక్క గుక్కలో మింగేసింది. తర్వాత దుర్గ దాని బొచ్చు పాయదీసి, మెడ మీద పేలమందు చుక్కలు పిండింది.

"ఏం చేసినావే!" పోలేరయ్య అరిచాడు. "ఇంక ఈ పడవ ఇయ్యాల కదలదు!"

"కదలకపోతే మానె!" దుర్గ గొంతు మొదటిసారి బావ మీద లేచింది. "నీ మనవరాలు వెన్నెలకి బళ్లో నులిపురుగుల మాత్ర ఏస్తా ఉండారా, లేదా? ఏడాదికి రెండుసార్లు ఏస్తా ఉండారు. అప్పుడు పడవలు యాడుండాయి? నీళ్లలోనే గదా! ఆ బిడ్డ మాత్ర మింగి, సాయంత్రం వచ్చి ఈ పడవలోనే ఎగిరింది. మరి అప్పుడు మునగలేదే నీ పడవ? బిడ్డ కడుపులో పురుగు పోతే మంచిది, కుక్క కడుపులో పురుగు పోతే అరిష్టమా? పురుగుల్లో ఉందా బావా నీ అదృష్టం?"

గట్టు మీద ఎవరో కిసుక్కున నవ్వి, నోరు మూసుకున్నారు. పడవలో నలుగురూ పోలేరయ్య మొహమే చూస్తున్నారు. అప్పుడు పెంచల్, జన్మలో అన్నకు ఎదురు చెప్పని పెంచల్, లంగరు తాడు పట్టుకుని లాగాడు.

"పోటు పోతా ఉండాదన్నా. పోదాం పట్టు," అన్నాడు, ఎవరి వైపూ చూడకుండా.

మల్లి గట్టు మీదికి దూకింది. పడవ పోయింది.

ఆ సాయంత్రం దుర్గ మల్లిని పిల్ల పక్కన పడుకోనిచ్చి, పాత వలలన్నీ బయటికి ఈడ్చి, గోనెలు ఉతికి ఆరేసింది. పిల్లకు రెండో మోతాదు పోసింది. చేతులు పని చేస్తూనే ఉన్నాయి గానీ చెవులు సముద్రం వైపే ఉన్నాయి. గాలి కాస్త పెరిగితే చాలు, లేచి గట్టు దాకా వెళ్లి చూసొచ్చేది. అంత మాట అన్న మనిషికి భయం లేదనుకుంటే పొరపాటు.

మర్నాడు పొద్దున పడవ వచ్చింది. మల్లి ముందే మొరిగింది. జనమంతా కాలువ గట్టున చేరారు. బుట్టల్లో కవళ్లు, కొన్ని కానాగంత చేపలు, అడుగున కాసిని పీతలు. ఎక్కువా కాదు, తక్కువా కాదు. నిరుడు ఈ రోజుల్లో ఎంత పడిందో అంతే పడింది. వల చిరగలేదు, ఇంజను ఆగలేదు, పెంచల్ ఆవలిస్తూ దిగాడు.

పోలేరయ్య మొహం తేటపడింది. దుర్గ దగ్గరికి వచ్చి, అలిగిన పిల్లను బుజ్జగించినట్టు నవ్వుతూ అన్నాడు.

"ఏం కాలేదులే దుర్గా. నువ్వేం దిగులు పడబాక. ఏమీ కాలేదు."

దుర్గ బుట్టల వైపు చూసింది. ఎప్పుడూ పడే చేపలే. దీనికోసమా ఇన్నాళ్లూ భయపడింది?

"ఏం కాలేదా?" అంది. అరవలేదు. "నాలుగింటిని పూడ్చినా బావా, ఈ చేతుల్తో. కళ్లు తెరిచి, నా ఏలు చీకినవాటిని పూడ్చినా. మందు ఏసినా ఏం కాదని నువ్వు ఇయ్యాల చెప్తుండావు. ఈ మాట అవి బతికుండంగా చెప్పుంటే!"

అక్కడే, చేపల బుట్టల మధ్య, బురదలో కూలబడి ఏడ్చింది. పూడ్చిన రోజు రాని ఏడుపంతా అప్పుడు వచ్చింది. పాలెం వాళ్లు దుర్గ తిట్లు ఎన్నో విన్నారు గానీ ఇది ఎన్నడూ వినలేదు. ఎవరూ దగ్గరికి రాలేకపోయారు.

పోలేరయ్య తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు. తర్వాత మల్లి పక్కన గొంతుక్కూర్చుని, దాని మెడ మీద బొచ్చు పాయదీసి చూశాడు. చచ్చిన పేలు వేళ్లకు అంటుకుని వచ్చాయి.

"దీనికి మళ్లా ఎప్పుడు ఏయాల?" అన్నాడు, తలెత్తకుండా.

"పిల్లకి ఏసినప్పుడల్లా దీనికీ ఏయాల. ఆనక మూడు నెలలకొకసారి," అంది దుర్గ, ముక్కు చీదుకుంటూ. "పేలమందు నెలనెలా. అప్పుడు కుక్కని పట్టుకునేది నువ్వే బావా. పడవ నీళ్లలో ఉండంగానే, అందురూ చూస్తుండంగా పట్టుకోవాల."