మాడని మిరపకాయల ఘాటు

రాజయ్య వాకిలి మెట్టు మీద కూలబడ్డ మధ్యాహ్నం ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు. అయినా మిరపకాయలు మాడిన ఘాటు అతనికీ, అతని చెల్లెలు యాదమ్మకూ, నాకూ ఒకేసారి గొంతుకు అడ్డం పడింది.

పత్రికలో పనిచేసినన్నాళ్లూ దెయ్యాల కబుర్లు ఎవరు తెచ్చినా పక్కన పడేసినవాణ్ణి. ఇప్పుడూ నమ్ముతానని చెప్పను. చూసింది చెబుతాను.

బోయిగూడలో రాజయ్య ఇంటి పైవాటాలో అద్దెకుంటున్నాను. కిందటేడు అతని భార్య సత్తెమ్మకు అదే మెట్టు మీద ఉన్నట్టుండి కళ్లు తిరిగాయి. మాట ముద్దగా వచ్చింది. యాదమ్మ ఉప్పూ ఎండుమిర్చీ దిగదీసి నిప్పుల్లో వేసింది. ఘాటు రాలేదు. మిరపకాయలు మాడినా ఘాటు రాలేదంటే పెద్ద దిష్టే తగిలిందని వాళ్ల లెక్క.

"జెర దవాఖానకు తోల్కపో" అని సత్తెమ్మ బతిమాలిందట. "దిష్టికి డాక్టరేం జేస్తడే? తక్కువ గాకుంటే రేపు పోదాం" అన్నాడట రాజయ్య. ఆమె అతనివైపే చూస్తూ, "నీకు కండ్లు తిరిగిననాడు తెలుస్తది" అందట. తెల్లారేసరికి పోయింది. నేనప్పుడు ఊళ్లో లేను. ఇదంతా యాదమ్మ చెప్పగా విన్నదే.

ఇక ఆ మధ్యాహ్నం. యాదమ్మ పిలిస్తే కిందికి దిగాను. రాజయ్య గోడకు ఆనుకుని ఉన్నాడు. నోరు ఒక పక్కకు జారింది. కుడిచెయ్యి ఎత్తమంటే లేవలేదు. ఇది ఆగే జబ్బు కాదు, ఇప్పుడే పోవాలన్నాను.

"ఏం లేదు సారూ, పిత్తం. రేపు పోదాం" అన్నాడు రాజయ్య ముద్దగా.

ఆ మాట నోట్లో ఉండగానే ఘాటు కమ్మింది. యాదమ్మ దిష్టి తీయడానికి తెచ్చిన మిరపకాయలు ఇంకా ఆమె గుప్పిట్లోనే ఉన్నాయి, ఎర్రగా, నిగనిగలాడుతూ. "వదినా" అంటూ అక్కడే పారేసింది. దగ్గు ఆగక, రాజయ్యను చెరో రెక్కా పట్టుకుని గేటు బయటికి లాక్కొచ్చి ఆటో ఎక్కించాం. ఆ ఘాటు లేకపోతే అతను మెట్టు వదిలేవాడు కాదు.

మెదడుకు రక్తం అందలేదని డాక్టరమ్మ చెప్పింది. ఇంకాస్త ఆలస్యమైతే బతికేవాడు కాదంది.

బతికాడు. కుడిపక్క చచ్చుబడింది. మాటలన్నీ పోయి ఒక్కటి మిగిలింది. నీళ్లు కావాలన్నా, కోపమొచ్చినా, ఏడుపొచ్చినా "రేపు" అంటాడు. పక్షవాతం వచ్చినవాళ్లలో కొందరికి ఇలా ఒకే మాట మిగులుతుందని డాక్టరమ్మ వివరించింది. అంతవరకు నాకు అర్థమైంది.

ప్రాణమన్నా దక్కింది కదా అన్నాను యాదమ్మతో.

"వదిన సావనియ్యలే సారూ. సస్తే ఏం తెలుస్తది?"

ఆ పూట ఎవరైనా మిరపకాయలు వేయించారా అని చుట్టుపక్కల ఇళ్లన్నీ అడిగాను. ఎవరూ వేయించలేదు. యాదమ్మ ఇంట్లోకి ఎండుమిర్చి తేవడమే మానేసింది, కూరల్లో పచ్చిమిర్చే. అయినా రాజయ్యను ఎండలో కూర్చోబెట్టడానికి ఆ మెట్టు దాటించినప్పుడల్లా ముగ్గురం దగ్గుతాం.