బడి బస్సుల యూనియన్‌కు నేను రాసిన చిరునామా

2017 జూన్‌లో ఒక దరఖాస్తులో, నాకు తెలియని సంగతిని తెలిసినట్టు రాశాను. నల్గొండలో ఆఫీసులుండే వీధిలో నాది చిన్న దుకాణం. ఒక కంప్యూటర్, ఒక జిరాక్స్ మిషను. ఫారాలు నింపుకోలేని వాళ్లకు నింపిపెట్టడం నా పని. ఆ తప్పుకు ఎల్లమ్మ పని పోయింది, పేరూ పోయింది.

ఆమె ఒక ప్రైవేటు బడి బస్సులో ఆయా. పిల్లలను ఎక్కించి, దించుతుంది. ఆమె, ఆరుగురు డ్రైవర్లు కలిసి యూనియన్ పెట్టుకుంటామని వచ్చారు. ఎండాకాలం సెలవుల్లో పనిలోంచి తీసేసి, జూన్‌లో మళ్లీ కొత్తవాళ్లలా చేర్చుకుంటున్నారని వాళ్ల బాధ. రిజిస్ట్రేషన్‌కు కనీసం ఏడుగురు కావాలి. వాళ్లు సరిగ్గా ఏడుగురే.

వాళ్లను మూడుసార్లు తిప్పాను. ఒకరి ఆధార్‌లో ఇంటిపేరు లేదు, ఇంకొకరి ఫొటో మసక. నడుమ సర్వర్ మొరాయింపు. నాకు విసుగు తలకెక్కింది.

"పిల్లలే నయం సారు, ఒక్కసారి చెప్తే కూసుంటరు. నీ కంప్యూటరే మాట ఇనది" అంది ఎల్లమ్మ.

"యూనియన్ ఆఫీసు ఎక్కడ?" అని అడిగాను.

"ఆఫీసెక్కడిదన్నా? బస్సులు కడిగే కాడ నిలబడి మాట్లాడుకుంటం" అన్నాడు జంగీర్. డ్రైవర్లలో పెద్దవాడు.

సాయంత్రం ట్రిప్పుకు వాళ్లకు టైమైపోతోంది. నా వెనక లైను పెరుగుతోంది. అందరూ పనిచేసేది అక్కడే కదా అని ఆ గడిలో బడి చిరునామా కొట్టేశాను. చదివి వినిపించకుండానే సంతకాలు పెట్టించాను.

దరఖాస్తులో లోపముంటే కార్మిక శాఖ ఆఫీసు మెమో పంపుతుంది. సరిచేసుకురమ్మనే కాగితం అది. ఏడుగురి పేర్లతో ఆ మెమో బడికి వెళ్లింది. విప్పింది కరస్పాండెంట్, అంటే బడి యజమాని. లైసెన్సున్న డ్రైవర్లు తొందరగా దొరకరు కాబట్టి వాళ్లను బెదిరించి వదిలాడు. మర్నాటి నుంచి ఎల్లమ్మను బస్సెక్కనివ్వలేదు.

మెమో సంగతి వాళ్లకు తెలియదు. ఆమె నా దగ్గరికి వచ్చింది.

"నా తమ్ముడు గేటు కాడ వాచ్‌మెన్ కదా సారు, వానితోని యూనియన్ సంగతి నేనే చెప్పిన్నంట, వాడు పోయి బడోళ్లకు చెప్పిండంట. జంగీరన్న నా మొఖం సూస్తలేడు. పని పాయె, మాట పాయె. ఎవరు చెప్పిన్రో నీకేమన్న ఎరుకేనా?"

ఫైలు తీసి చూశాను. చిరునామా కనబడగానే అర్థమైంది. "కనుక్కుంటాలే" అని పంపించాను. ఈ సంగతిలో నా అసలు తప్పు ఆ మాటే. రెండు రోజులు మింగుకుని కూర్చున్నాను.

మూడో రోజు పొద్దున, బస్సులు కడిగే చోటికి ఎల్లమ్మను వెంటబెట్టుకుని వెళ్లి ఆరుగురి ముందూ చెప్పాను. జంగీర్ చేతిలో పైపు నీళ్లు అట్లాగే కారిపోతున్నాయి.

"మేం లేదంటే లేదనే రాయాలె గదన్నా" అన్నాడు. తర్వాత ఎల్లమ్మ వైపు తిరిగాడు. "తప్పయింది అక్కా."

ఆమె నాతో అంది: "రెండు దినాలు ఎరుకుండి చెప్పలేదు సూడు సారు, గదే నాకు మండుతాంది."

మర్నాడు ఆరుగురూ బస్సు తాళాలు చేతిలో పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డారు. ఎల్లమ్మ ఎక్కితేనే బస్సు తీస్తామన్నారు. ఊళ్లలో పిల్లలు ఎదురుచూస్తున్నారు, బడికి ఫోన్ల మీద ఫోన్లు. పదింటికి బడివాళ్లు ఆమెను బస్సెక్కనిచ్చారు.

ఆ చిరునామా వాళ్లను అడగకుండా నేనే వేశానని కార్మిక శాఖ ఆఫీసులో సంతకం చేసి ఇచ్చాను. వాళ్ల ఉత్తరాలు నా దుకాణానికే వచ్చేటట్టు దరఖాస్తు మార్చాను. అప్పటి నుంచి, లైను ఎంత పొడుగున్నా, చదివి వినిపించకుండా ఎవరిచేతా సంతకం పెట్టించలేదు. మార్చిన ఆ దరఖాస్తును మొదట చదివి వినిపించింది ఎల్లమ్మకే. ప్రతి గడీ చదివి పెన్ను అందించాను. ఆమె తీసుకోలేదు.

"ఇంకోపారి సదువు" అంది.

మొదటి నుంచి మళ్లీ చదివాను.