మా నాయినకు నేనిచ్చిన ఇంగ్లీషు బిరుదు

ఆ రోజుల్లో మా మేడ్చల్ వైపు ఇంగ్లీషు వచ్చినవాడంటే సగం దొర కిందే లెక్క. యుద్ధం నడుస్తున్న కాలం. తూంకుంట దగ్గర తెల్ల సిపాయిలు గుడారాలు వేసుకుని ఉండేవారు. పంతొమ్మిదేళ్ల నేను వాళ్ల వంటశాలలో సామాను అందించే పనికి కుదిరి, ఎనిమిది నెలల్లో వాళ్ల భాష పట్టేశాను (పట్టేశాననే అనుకున్నాను). ఎండా 'బ్లడీ'నే, చాయ్ కూడా 'బ్లడీ'నే, బాగున్నదల్లా 'బ్లడీ గుడ్' కాబట్టి అది మన 'మస్తు' అన్నమాట. ఇక మా ఎర్రమీసాల సార్జెంటు తన ప్రాణస్నేహితుడు కనపడగానే కౌగిలించుకుని 'ఓల్డ్ బాస్టర్డ్' అనేవాడు. అంటే ఆప్తుడైన పెద్దమనిషి అని నాకు నేనే అర్థం చెప్పుకున్నాను.

అంతలో మిషన్ బడిలో పంతులు ఉద్యోగం ఒకటి ఖాళీ అయింది. చర్చిలో గంట కొట్టే మా నాయిన, ఉన్న ఒక్క కోటూ తొడుక్కుని నన్ను బడి చూసుకునే దొరసానమ్మ దగ్గరికి తీసుకుపోయాడు.

"మావోనికి ఇంగ్లీషు మంచిగొస్తదమ్మా," అన్నాడు.

ఇంటివాళ్ల గురించి ఇంగ్లీషులో చెప్పమంది ఆమె. నేను ఛాతీ విరిచి, నాయినను చూపించి, "మై ఫాదర్, మేడమ్. బ్లడీ గుడ్ ఓల్డ్ బాస్టర్డ్!" అన్నాను. నాయినకు 'ఫాదర్' ఒక్కటే అర్థమైంది. చేతులు జోడించి, అవునవునని తల ఊపాడు.

దొరసానమ్మ చెవులదాకా ఎర్రబడింది. "ఆ కడపటి మాటకు అర్థము నీవు ఎరుగుదువా?" అని తన పుస్తకాల తెలుగులో అడిగింది.

"ప్రేమగల పెద్దమనిషి అనమ్మా."

"కాదు. తండ్రి ఎవరో తెలియనివాడు అని."

ఉద్యోగం పోతే పోయింది, నాయిన ముఖం ఎట్లా చూడను? ఆయన మాత్రం కోపం లేకుండా, నిజంగానే పరేషాన్ అయి, "గట్లెట్లమ్మా? మా బాపు ఎవరో మా ఊరు రావల్కోల్ల ఎవర్నడిగినా జెప్తరు," అన్నాడు.

దొరసానమ్మ చేతిరుమాలు ముఖానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతుంటే ఏడుస్తున్నదనుకున్నాను. నవ్వుతున్నది!

"రేపటినుండి రమ్ము. లెక్కలు చెప్పుము. ఇంగ్లీషు మాత్రము వద్దు," అంది కళ్లు తుడుచుకుంటూ.

తిరిగి వస్తుంటే నాయిన కోటు విప్పి భుజాన వేసుకున్నాడు. నడుస్తూనే, "గా మాట ఇంకెవల్నన్నవ్‌రా?" అన్నాడు.

"పాస్టరయ్యను. క్రిస్మస్‌నాడు. మస్తు ప్రేమతోనే అన్న నాయినా."

నాయిన బాట పక్కన కూలబడి, పొట్ట పట్టుకుని నవ్వాడు.

తర్వాత ఇంగ్లీషు సరిగ్గానే నేర్చుకుని, ఏళ్లకేళ్లు పిల్లలకు చెప్పాను కూడా. కానీ తప్పుల్లేని ఆ ఇంగ్లీషులో మా నాయిన గురించి అంత గర్వంగా ఒక్కమాటయినా, ఆయన పక్కన ఉండగా, మళ్లీ ఎవరితోనూ అనలేకపోయాను.